విలన్ ముఠా రింగును ఎలా ఆక్రమిస్తుంది? ఎన్‌డబ్ల్యూఓ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎన్ని రకాల కథలున్నా, ఒక విలన్ ముఠా పుట్టి, బలిసి, కంపెనీ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకునే కథకు ఉన్న పట్టు వేరు. అందులోనూ 1996లో అమెరికాలో డబ్ల్యూసీడబ్ల్యూ అనే కంపెనీలో న్యూ వరల్డ్ ఆర్డర్, అంటే ఎన్‌డబ్ల్యూఓ, చేసిన హంగామా గురించి కొత్తగా చూసేవాళ్లు పదే పదే అడుగుతుంటారు. ఆ ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి. ఎన్‌డబ్ల్యూఓ గురించే ఎక్కువ రాశాను. దానికి ముందూ వెనకా వచ్చిన ముఠాలను అవసరమైన చోట తీసుకొచ్చాను.

హీల్, ఫేస్, ఫ్యాక్షన్ అంటే ఏమిటి?

హీల్ అంటే విలన్. ఫేస్, లేదా బేబీఫేస్, అంటే హీరో. ఒక మంచివాడు చెడ్డవాడిగా మారితే దాన్ని హీల్ టర్న్ అంటారు. ముగ్గురో నలుగురో అంతకన్నా ఎక్కువమందో ఒకే గుర్తు కింద, ఒకే ప్రయోజనం కోసం కలిసి తిరిగితే అది ఫ్యాక్షన్. ఇద్దరు కలిస్తే ట్యాగ్ టీమే, ముఠా కాదు. ముఠాకు ఒక నాయకుడు, ఒక పేరు, చూడగానే గుర్తుపట్టే వేషం ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒకడి మీద చెయ్యి వేస్తే మిగతావాళ్లంతా వచ్చి పడతారన్న భయం ఎదుటివాళ్లలో ఉండాలి.

ఎవరు గెలుస్తారో ముందే నిర్ణయిస్తారు కదా, మరి ఇందులో ఉత్కంఠ ఎక్కడిది?

నిజమే, ఫలితాలు ముందే రాసుకుంటారు. దెబ్బలు మాత్రం చాలావరకు ఒంటికి తగులుతాయి, పడిపోవడం నిజంగానే పడిపోవడం. కానీ ఎవరికోసం రాశారో మనకు తెలియదు, ఎప్పుడు చెబుతారో తెలియదు. నాటకంలో రాముడు గెలుస్తాడని తెలిసీ జనం తెల్లవార్లూ కూర్చున్నారు కదా. ఇక్కడ ఇంకో మెలిక ఉంది: రాముడే ఒక రోజు రావణుడి పక్కకు వెళ్లిపోవచ్చు. ఎన్‌డబ్ల్యూఓ కథలో జరిగింది సరిగ్గా అదే.

ఎన్‌డబ్ల్యూఓకు ముందు ఇలాంటి ముఠాలు లేవా?

ఉన్నాయి. అవి లేకపోతే ఇది పుట్టేది కాదు. టెక్సస్‌లో ఫ్యాబ్యులస్ ఫ్రీబర్డ్స్ అని ముగ్గురు ఉండేవారు: మైఖేల్ హేస్, టెర్రీ గోర్డీ, బడ్డీ రాబర్ట్స్. 1982 క్రిస్మస్ రాత్రి డల్లాస్‌లో కెర్రీ వాన్ ఎరిక్, రిక్ ఫ్లెయిర్‌తో రింగు చుట్టూ కట్టిన ఇనుప బోనులో మ్యాచ్ ఆడుతుంటే, గోర్డీ ఆ ఇనుప తలుపును కెర్రీ తల మీదికి విసిరి కొట్టాడు. ఆ ఒక్క తలుపు దెబ్బ మీద రెండు వర్గాల పగ ఏళ్ల తరబడి నడిచింది.

అసలు పెద్ద ముఠా ఫోర్ హార్స్‌మెన్. రిక్ ఫ్లెయిర్, ఆర్న్ అండర్సన్, ఓల్ అండర్సన్, టల్లీ బ్లాన్‌చార్డ్, వాళ్ల మేనేజర్ జేజే డిల్లన్. 1985 సెప్టెంబర్ 29న అట్లాంటాలోని ఆమ్నీలో ఫ్లెయిర్‌ను ప్రత్యర్థులు చుట్టుముట్టి కొడుతుంటే, జనం అభిమాన హీరో డస్టీ రోడ్స్ బోనులోకి దూకి కాపాడాడు. అండర్సన్‌లు లోపలికి వచ్చి తలుపు మూశారు. కాపాడినవాడి చీలమండనే ఫ్లెయిర్‌తో కలిసి ముగ్గురూ విరగ్గొట్టారు. సాయానికి వెళ్లినవాడికి పట్టిన గతి అది. ఆ హాల్లో ఉన్నవాళ్లకు ఆ ముఠా ఎలాంటిదో మళ్లీ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ సమయానికి డస్టీ కొడుకు కోడీకి మూడు నెలలు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఎన్‌డబ్ల్యూఓ ఎలా మొదలైంది?

1995 సెప్టెంబర్ నుంచి అమెరికాలో సోమవారం రాత్రి రెండు రెజ్లింగ్ షోలు పోటీపడేవి. విన్స్ మెక్‌మాన్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ల రా ఒకటి, టెడ్ టర్నర్ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ల నైట్రో ఇంకొకటి. నైట్రోను నడిపిన ఎరిక్ బిషాఫ్ జపాన్‌లో ఒక కంపెనీ రెజ్లర్లు మరో కంపెనీ మీద దండెత్తే కథను గమనించాడు. 1995 అక్టోబర్‌లో టోక్యో డోమ్‌ను నింపేసిన కథ అది. అదే ఊహను అమెరికాకు తెచ్చాడు.

1996 మే 27, జార్జియా రాష్ట్రంలోని మేకన్. రింగులో ఒక మామూలు మ్యాచ్ జరుగుతోంది. జనం మధ్యలోంచి ఒకడు కంచె దాటి వచ్చాడు. ఒంటి మీద మామూలు బట్టలే. సంగీతం లేదు, పేరు ప్రకటన లేదు. మైకు అడిగి తీసుకున్నాడు. నేనెవరో మీకు తెలుసు, ఎందుకొచ్చానో మాత్రం తెలియదు అన్నాడు. అతను స్కాట్ హాల్. కొద్ది రోజుల ముందు వరకు అవతలి కంపెనీలో రేజర్ రామోన్ పేరుతో పెద్ద స్టార్. మ్యాచ్ అక్కడితో ఆగిపోయింది, రెజ్లర్లు పక్కకు తప్పుకున్నారు. పేరు చెప్పకపోవడంలోనే మందు పెట్టారు. ఇది కథా, లేక నిజంగానే అవతలివాళ్లు మనిషిని పంపారా అని చూసేవాళ్లకు అనుమానం పుట్టింది.

రెండు వారాల తర్వాత, జూన్ 10న, కెవిన్ నాష్ వచ్చాడు. దాదాపు ఏడడుగుల మనిషి, అక్కడ డీజిల్ పేరుతో ఛాంపియన్‌గా వెలిగినవాడు. జూన్ 16న బాల్టిమోర్‌లో బిషాఫ్ ఈ ఇద్దరినీ వేదిక మీద నిలబెట్టి, మీరు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఉద్యోగులా అని సూటిగా అడిగాడు. కాదన్నారు. అలా అడిగించింది లాయర్ల భయంతోనే, అవతలి కంపెనీ కోర్టుకెక్కుతుందేమోనని. జవాబు చెప్పిన కాసేపటికే హాల్ బిషాఫ్ పొట్టలో గుద్దాడు. నాష్ అతన్ని ఎత్తి వేదిక మీదినుంచి కింద ఉన్న బల్ల మీద పడేశాడు. రెజ్లర్ కానివాడిని, సూటు వేసుకున్నవాడిని అలా విసిరేయడం అప్పటి ప్రేక్షకులకు కొత్త. ఇక వీళ్లకు హద్దు లేదని అందరికీ అర్థమైపోయింది.

ఆ మూడో మనిషి సంగతేమిటి? హల్క్ హోగన్ మారిపోవడం అంత పెద్ద విషయం ఎందుకైంది?

మా దగ్గర మూడోవాడు ఉన్నాడు, సమయం వచ్చినప్పుడు చూపిస్తాం అని హాల్, నాష్ వారాల తరబడి ఊరించారు. 1996 జూలై 7న ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో, బ్యాష్ ఎట్ ద బీచ్ అనే కార్యక్రమంలో మ్యాచ్. డబ్ల్యూసీడబ్ల్యూ తరఫున స్టింగ్, లెక్స్ లూగర్, ర్యాండీ సావేజ్. అవతలి నుంచి ఇద్దరే వచ్చారు. మీ మూడోవాడేడీ అని అడిగితే, ఇక్కడే ఉన్నాడన్నారు.

మ్యాచ్ మొదట్లోనే లూగర్‌కు దెబ్బ తగిలి స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. ఇక ఇద్దరికి ఇద్దరు. చివరికి నాష్ సావేజ్‌ను దొంగదెబ్బ తీశాడు, నలుగురూ తలో పక్క పడి ఉన్నారు. అప్పుడు హోగన్ నడుచుకుంటూ వచ్చాడు. చాలా వారాలుగా టీవీలో కనబడని మనిషి. హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది. హాల్, నాష్ రింగు వదిలి కిందికి దిగిపోయారు. హోగన్ రింగెక్కి చొక్కా చింపాడు, పన్నెండేళ్లుగా చింపినట్టే. కాపాడటానికి వచ్చాడని జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆ వెంటనే అతను తాళ్ల మీదికి వాలి, ఊపుతో తిరిగి వచ్చి, కింద పడి ఉన్న సావేజ్ గొంతు మీద లెగ్ డ్రాప్, అంటే ఎగిరి కాలు చాపి మీద పడే తన పేరుమోసిన దెబ్బ, వేశాడు.

నేను ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ప్రతిసారీ రింగును వదిలేసి వెనక వరసల్లో ఉన్న ముఖాలనే చూస్తాను. చప్పట్లు కొడుతున్న చేతులు సగంలో ఆగిపోతాయి. రెండు మూడు సెకన్ల పాటు ఆ అరుపులో తేడా వస్తుంది, అది కోపం కూడా కాదు, అయోమయం. తర్వాత కోపం. మైకు పట్టుకుని జీన్ ఓకర్లండ్ రింగులోకి వచ్చేసరికి కప్పులు, కాగితాలు, తాగి పారేసిన డబ్బాలు వర్షంలా పడుతున్నాయి. ఒక ప్రేక్షకుడు ఏకంగా రింగులోకి దూకాడు. ఆ చెత్త మధ్య నిలబడే హోగన్ ఇది రెజ్లింగ్‌లో కొత్త ప్రపంచ వ్యవస్థ అన్నాడు. ముఠాకు పేరు అక్కడే పడింది.

ఇది ఎందుకంత తగిలిందంటే, హోగన్ మామూలు హీరో కాడు. ఎరుపు పసుపు బట్టల్లో, పిల్లలకు దేవుడికి దండం పెట్టుకోండి, విటమిన్లు వేసుకోండి అని చెప్పినవాడు. 1980ల రెజ్లింగ్‌కు ముఖచిత్రం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటివాళ్లు ఇద్దరు వస్తే కంపెనీ తట్టుకోగలిగేది. లోపలివాడు, అందులోనూ ఇంటి పెద్ద లాంటివాడు తలుపు తీసి ఇచ్చేసరికి ఇక ఎవరిని నమ్మాలో తెలియలేదు. ఆ తర్వాతి ఏడాదిన్నర కథంతా ఆ అపనమ్మకం మీదే నడిచింది.

ఇంకో విషయం. 1994లో డబ్ల్యూసీడబ్ల్యూకు వచ్చిన దగ్గర్నుంచీ హోగన్ పాత పాటే పాడుతున్నాడని చాలామంది విసిగిపోయారు, అతనికి ఈలలు ఎదురవడం మొదలైంది. ఆ విసుగునే ఇంధనం చేసుకున్నారు. హోగన్ చివరి నిమిషంలో వెనక్కి తగ్గితే ఆ స్థానంలో స్టింగ్‌ను సిద్ధంగా ఉంచామని బిషాఫ్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. స్టింగ్ మారి ఉంటే ఇంత పెద్ద గాయం అయ్యేది కాదని నా నమ్మకం.

కామెంటేటర్ హీనన్ ముందే గుట్టు విప్పేశాడంటారు, నిజమేనా?

హోగన్ నడిచి వస్తున్నప్పుడే బాబీ హీనన్, అసలు వీడు ఎవరి పక్షం అని అడిగాడు. నోరు జారాడని కొందరి వాదన. నేను ఒప్పుకోను. హీనన్ పాత్రే హోగన్‌ను ఏళ్ల తరబడి నమ్మని మనిషి పాత్ర. హోగన్ ఎప్పుడు కనబడినా అతను అలాంటి మాటే అంటాడు. ఆ రాత్రి ఒక్కసారి అతని మాట నిజమైంది.

అంత వేగంగా ఎలా పెరిగిపోయింది?

మూడు పనులు చేశారు. మొదటిది, బెల్టు. 1996 ఆగస్టు 10న సౌత్ డకోటాలోని స్టర్జిస్‌లో హోగన్, ద జెయింట్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ తీసుకున్నాడు. బంగారు బెల్టు మీద నల్ల స్ప్రే పెయింట్‌తో ముఠా పేరు రాశారు. ఇంట్లోని దేవుడి పటం మీద గీతలు గీసినట్టు ఉంటుంది ఆ దృశ్యం. కొన్నాళ్ల పాటు ఆ పెయింట్ అలాగే ఉంచేశారు.

రెండోది, భయం. జూలై నెలాఖరులో ఓర్లాండోలో షో జరుగుతుంటే వేదిక వెనక బేస్‌బాల్ బ్యాట్లతో దాడి చేశారు. అడ్డం వచ్చిన చిన్న రెజ్లర్ రే మిస్టీరియోను నాష్ రెండు చేతులతో ఎత్తి, నిలబెట్టి ఉన్న ట్రైలర్ గోడకేసి బాణంలా విసిరాడు. మ్యాచ్ లేదు, గంట లేదు, రిఫరీ లేడు. రింగు బయట కూడా ఎవరికీ రక్షణ లేదని చెప్పిన సంఘటన అది.

మూడోది, మనుషులు. డబ్బున్నవాడిగా టెడ్ డిబియాసి చేరాడు. ఆగస్టులో హోగన్ చేతిలో బెల్టు పోగొట్టుకున్న జెయింట్ సెప్టెంబర్‌లో చేరిపోయాడు. తర్వాత సిక్స్ పేరుతో షాన్ వాల్ట్‌మన్. ఆరోవాడు కాబట్టి ఆ పేరు. రిఫరీ నిక్ ప్యాట్రిక్ చేరాడు. నవంబర్‌లో, బల్ల మీద పడేసి కొట్టించుకున్న బిషాఫే వాళ్ల మనిషని తేలింది. 1997 ఫిబ్రవరిలో, డేటోనా బీచ్‌లో గొంతు మీద లెగ్ డ్రాప్ తిన్న సావేజ్ కూడా వాళ్ల చొక్కా వేసుకున్నాడు. బాధితుడే వెళ్లి కొట్టినవాడి పక్కన నిలబడితే మిగిలినవాళ్లకు ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

వీటికి తోడు వాళ్ల ప్రచార చిత్రాలు. నలుపు తెలుపులో, చేత్తో పట్టుకున్న కెమెరాతో తీసినట్టు, గబగబా కోతలతో, ఈ ప్రకటనకు డబ్బు కట్టింది న్యూ వరల్డ్ ఆర్డర్ అనే వాక్యంతో వచ్చేవి. ఆనాటి టీవీ రెజ్లింగ్‌లో రంగులు, బాణసంచా మామూలు. వాటి మధ్య ఇవి దొంగ ఛానల్ నుంచి దూరినట్టు అనిపించేవి. 1996 జూన్ నుంచి 1998 ఏప్రిల్ దాకా రేటింగుల్లో నైట్రో వరసగా 83 వారాలు రాను ఓడించింది.

రూల్స్ ఉన్నాయి కదా, రిఫరీలు ఏం చేస్తున్నట్టు?

విలన్ ముఠాకు అసలు బలం రూల్సే. రిఫరీ చూస్తేనే తప్పు తప్పవుతుంది. ఒకడు రింగు అంచు ఎక్కి గొడవ చేస్తాడు, రిఫరీ అటు తిరుగుతాడు, ఇంకొకడు వెనకనుంచి వచ్చి కొడతాడు. ఇంతకన్నా పెద్ద లొసుగు ఇంకోటి ఉంది. బయటివాళ్లు జోక్యం చేసుకుని డిస్‌క్వాలిఫికేషన్ అయితే మ్యాచ్ హీరోదే, కానీ మామూలు రూల్స్ ప్రకారం బెల్టు చేతులు మారదు. అంటే ఛాంపియన్ ఓడిపోబోతున్నాడనిపించిన క్షణంలో ముఠా రింగులోకి దూకితే చాలు. ఓటమి రికార్డులో పడుతుంది, బెల్టు ఇంటికి వెళుతుంది.

అందుకే బోను మ్యాచులు పుట్టాయి. డస్టీ రోడ్స్ ఊహించిన వార్ గేమ్స్ హార్స్‌మెన్‌కు విరుగుడుగా 1987 జూలైలో మొదలైంది. రెండు రింగులు, రెండింటి మీదా కలిపి ఒకటే బోను, రెండు జట్లు. జోక్యం చేసుకునేవాళ్లందరినీ లోపలే పెట్టి తాళం వేశారు. అందులోనూ ఎక్కువమంది ముందుగా వెళ్లే అవకాశం బొమ్మా బొరుసుతో తేల్చేవారు, అది దాదాపు ప్రతిసారీ విలన్లకే వచ్చేది. జనానికి ఒళ్లు మండేది. ఆ మంట కోసమే అలా రాసేవారు.

విలన్లయితే జనం వాళ్ల టీషర్టులు ఎందుకు కొన్నారు?

వాళ్లు కూల్‌గా ఉన్నారు కాబట్టి. హాల్, నాష్ కుర్రకారు మాట్లాడినట్టు మాట్లాడారు, నవ్వారు, లెక్కలేనట్టు నడిచారు. నల్ల చొక్కా మీద తెల్ల అక్షరాలు ఎక్కడ వేసుకెళ్లినా బాగుండేది. పాత హీరోలు వాళ్ల పక్కన నిలబడితే పాతబడినట్టు కనిపించారు. ఇది ముఠాకు లాభం, కథకు నష్టం. విలన్‌ను జనం ప్రేమించడం మొదలుపెడితే హీరో గెలిచిన రోజున చప్పట్లు తగ్గుతాయి. అమ్మకాలు చూసి మురిసిపోయిన కంపెనీ ఈ లెక్క సరిగా చూసుకోలేదు.

స్టింగ్ ఏమయ్యాడు?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. 1996 సెప్టెంబర్‌లో ముఠా ఒక దొంగ స్టింగ్‌ను తయారుచేసి, అసలు స్టింగ్ తమలో చేరిపోయాడని నమ్మించింది. సొంత జట్టువాళ్లే అతన్ని అనుమానించారు. వార్ గేమ్స్‌లో అసలు స్టింగ్ వచ్చి అవతలివాళ్లను చితక్కొట్టి, ఇప్పుడు నమ్మకం కుదిరిందా అని లూగర్‌ను అడిగి, మ్యాచ్ మధ్యలోనే వెళ్లిపోయాడు. మరుసటి రాత్రి నైట్రోలో కెమెరాకు వీపు పెట్టి మాట్లాడాడు. ఆ తర్వాత మాట లేదు.

రంగురంగుల బట్టలు పోయాయి. తెల్లటి ముఖం, నల్ల కోటు, చేతిలో బ్యాట్. హాలు పైకప్పు దూలాల మీద నిలబడి కిందికి చూసేవాడు. ఏడాదికి పైగా మ్యాచ్ ఆడలేదు. ముఠా కింద ఎంత విర్రవీగినా, కెమెరా ఒక్కసారి పైకి తిరిగితే చాలు, అరుపులు. బలమైన విలన్ ముఠాకు ఎదురు నిలబెట్టాల్సింది ఇంకో ముఠాను కాదు, ఒంటరి మనిషిని అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అంత బలమైన ముఠా ఎందుకు కుప్పకూలింది?

విలన్ ముఠా అంటే ప్రేక్షకుల దగ్గర తీసుకునే అప్పు. వారం వారం హీరోలను కొట్టి, అన్యాయం చేసి, వాళ్ల ఓపికను అప్పుగా వాడుకుంటారు. ఒక రోజు వడ్డీతో సహా తీర్చాలి. ఎన్‌డబ్ల్యూఓ తీర్చాల్సిన రోజు 1997 డిసెంబర్ 28, వాషింగ్టన్‌లో స్టార్‌కేడ్ అనే కార్యక్రమం. స్టింగ్, హోగన్ తలపడ్డారు.

పద్దెనిమిది నెలల కోపం తీరాల్సిన మ్యాచ్ పదమూడు నిమిషాలు కూడా నడవలేదు. అందులో ఎక్కువసేపు స్టింగే దెబ్బలు తిన్నాడు. ప్రత్యర్థి భుజాలను నేలకు ఆనించి పిన్ చేస్తే, రిఫరీ మూడు లెక్కపెట్టేలోగా అతను లేవకపోతే ఓటమే. కథ ప్రకారం రిఫరీ నిక్ ప్యాట్రిక్ మోసంతో వేగంగా మూడు లెక్కపెట్టాలి. కానీ ఆ లెక్క మామూలు వేగంతోనే పడింది. అంటే చూసేవాళ్ల కళ్లకు హోగన్ న్యాయంగా గెలిచాడు. మరో రెజ్లర్ బ్రెట్ హార్ట్ వచ్చి అన్యాయం జరిగిందని మ్యాచ్ మళ్లీ మొదలుపెట్టించాడు, స్టింగ్ పట్టు పట్టాడు, గెలిచాడు. గెలుపు వచ్చింది కానీ ఆ గెలుపుకు రుచి లేదు. కొద్ది రోజులకే టైటిల్‌ను వివాదం పేరుతో వెనక్కి తీసుకున్నారు.

తర్వాత అంతా సాగదీతే. 1998లో ముఠా రెండుగా చీలింది: నలుపు తెలుపు ఒకటి, నలుపు ఎరుపు వుల్ఫ్‌ప్యాక్ ఒకటి. చేరినవాళ్ల సంఖ్య పెరిగి, ఎవరు ఎందుకు చేరారో గుర్తుండనంతగా తయారైంది. 1999 జనవరి 4న జార్జియా డోమ్‌లో నాష్, హోగన్ ఎదురుపడ్డారు. హోగన్ వేలితో నాష్ ఛాతీ మీద పొడిచాడు. నాష్ వెల్లకిలా పడిపోయాడు. హోగన్ పిన్ చేసి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ముఠా మళ్లీ ఒకటైంది. డబ్బు కట్టి లోపల కూర్చున్నవాళ్ల ముందు, ఒక మ్యాచ్ చూపిస్తామని పిలిచి, వేలితో పొడిచి పంపించారు. అదే రాత్రి అవతలి షోలో మిక్ ఫోలీ టైటిల్ గెలవబోతున్నాడని నైట్రో కామెంటేటర్ చేతే ఎద్దేవాగా చెప్పించారు. అది విని చాలామంది ఛానల్ మార్చి ఫోలీ గెలుపు చూశారు.

2001 మార్చిలో డబ్ల్యూసీడబ్ల్యూను మెక్‌మాన్ కంపెనీ కొనేసింది. దానికి టీవీ నిర్ణయాలు, ఖర్చులు లాంటి ఇతర కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క ఎన్‌డబ్ల్యూఓ మీదే నేరం వేయడం సరికాదు. కానీ తీర్చని అప్పు మాత్రం ఇదే.

ఒక ముఠా నిలబడాలంటే అందులో ఎవరెవరు ఉండాలి?

నాయకుడు, మాటకారి, బలశాలి, రేపటివాడు. మెక్‌మాన్ కంపెనీలో వచ్చిన ఎవల్యూషన్ అనే ముఠాను చూడండి. ట్రిపుల్ ఎచ్ నాయకుడు, ఫ్లెయిర్ పెద్దమనిషి, బటిస్టా కండ, రాండీ ఆర్టన్ రేపటి ఆశ. 2003 డిసెంబర్‌లో ఒకే రాత్రి నలుగురూ టైటిళ్లతో బయటికొచ్చారు. దాని గొప్పతనం అక్కడితో ఆగలేదు. విడిపోతూ ఆర్టన్‌ను, బటిస్టాను ఇద్దరినీ పెద్ద స్టార్లుగా వదిలి వెళ్లింది. 2005 ఫిబ్రవరిలో బటిస్టా నాయకుడికి బొటనవేలు కిందికి చూపించిన క్షణం కోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. ఎన్‌డబ్ల్యూఓలో రేపటివాడి స్థానం చాలాకాలం ఖాళీగానే ఉంది.

జపాన్‌లో 2013లో ప్రిన్స్ డెవిట్ మొదలుపెట్టిన బుల్లెట్ క్లబ్ కూడా ఈ దారిలోదే. ఎన్‌డబ్ల్యూఓ వేళ్ల గుర్తును కూడా తీసుకుంది.

రోమన్ రెయిన్స్ బ్లడ్‌లైన్‌ను దీనితో పోల్చవచ్చా?

తప్పకుండా. బ్లడ్‌లైన్ అంటే మెక్‌మాన్ కంపెనీలో రెయిన్స్ తన బంధువులతో కట్టిన ముఠా. నా ఓటు అడిగితే, పుట్టుకలో ఎన్‌డబ్ల్యూఓ గొప్పది, నడకలో బ్లడ్‌లైన్ గొప్పది. ఎన్‌డబ్ల్యూఓ బయటినుంచి దండెత్తింది. బ్లడ్‌లైన్ ఇంట్లోంచి పుట్టింది. 2020 ఆగస్టులో తిరిగొచ్చి టైటిల్ గెలిచిన రెయిన్స్ మొదట వంచింది శత్రువులను కాదు, సొంత తమ్ముడి వరసైన జే ఊసోను. అక్టోబర్‌లో ఐ క్విట్ మ్యాచ్. ఎంత కొట్టినా జే ఓటమి ఒప్పుకోలేదు. చివరికి రెయిన్స్ జే కవల సోదరుడు జిమ్మీ మెడ పట్టి బిగించాడు. అది చూడలేక జే ఒప్పుకున్నాడు. ప్రేమనే ఆయుధం చేసి ముఠా కట్టాడు రెయిన్స్. పక్కన పాల్ హేమన్ మాటకారి, తర్వాత కండగా సోలో సికోవా.

బయటివాడైన సామీ జేన్‌ను చేర్చుకోవడం రాతగాళ్ల అసలు తెలివి. నవ్విస్తూ వచ్చినవాడు మెల్లగా ఆ ఇంటికి మనస్సాక్షి అయ్యాడు. 2023 జనవరి 28న శాన్ ఆంటోనియోలో, చేతులు కట్టేసిన తన పాత స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌ను కొట్టమని రెయిన్స్ కుర్చీ చేతికిచ్చాడు. సామీ చాలాసేపు కుర్చీనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అదే కుర్చీతో రెయిన్స్ వీపు మీద కొట్టాడు. హాలు పగిలిపోయింది. జే మాత్రం సామీ మీద చెయ్యి ఎత్తలేక రింగు దిగి వెళ్లిపోయాడు. ముఠా పగులు మొదలైంది ఆ నడకతోనే.

అప్పు తీర్చింది మళ్లీ రోడ్స్ కుటుంబమే. 2024 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో, 1316 రోజులు బెల్టు పట్టుకున్న రెయిన్స్‌ను కోడీ రోడ్స్ ఓడించాడు. ఆమ్నీ బోనులో చీలమండ విరిగిన డస్టీ కొడుకు. ఆ మ్యాచ్ మధ్యలో సేథ్ రోలిన్స్, తనూ రెయిన్సూ ఒకప్పుడు ఉన్న షీల్డ్ ముఠా బట్టల్లో వచ్చాడు. 2014లో రెయిన్స్ వీపు మీద కుర్చీ వేసి షీల్డ్‌ను ముక్కలు చేసినవాడు. కోడీని కొట్టాల్సిన కుర్చీతో రెయిన్స్ ఆగలేక రోలిన్స్‌ను కొట్టాడు, ఆ పగే అతన్ని ముంచింది. పదేళ్ల పాత బాకీని కూడా అదే రాత్రి తీర్చేశారు.

ఎన్‌డబ్ల్యూఓ వాళ్లు తర్వాత ఏమయ్యారు?

2002లో మెక్‌మాన్ కంపెనీలో కొన్నాళ్లు తిరిగొచ్చారు. టొరంటోలో రాక్‌తో మ్యాచ్‌లో విలన్‌గా వచ్చిన హోగన్‌కే జనం జేజేలు కొట్టారు. హోగన్, హాల్, నాష్, వాల్ట్‌మన్‌లను కలిపి 2020 హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేశారు. హాల్ 2022 మార్చిలో, హోగన్ 2025 జూలైలో కన్నుమూశారు. స్టింగ్ 2024 మార్చిలో చివరి మ్యాచ్ ఆడి, గెలిచి రిటైర్ అయ్యాడు.

మొదటిసారి చూడాలంటే ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

1996 మే 27 నైట్రోతో. ఆ తర్వాత జూన్ 10, బాల్టిమోర్‌లో బిషాఫ్ ఇంటర్వ్యూ, అక్కడినుంచి నేరుగా బ్యాష్ ఎట్ ద బీచ్. మధ్యలో క్లిప్పులు చూసి హోగన్ ఘట్టం ముందే పాడుచేసుకోకండి, మ్యాచ్ మొత్తం చూడండి. తర్వాత సెప్టెంబర్ 15 వార్ గేమ్స్, మరుసటి రోజు స్టింగ్ కెమెరాకు వీపు తిప్పిన నైట్రో. 1997 అంతా చూసే ఓపిక లేకపోతే, స్టింగ్ పైకప్పు నుంచి దిగే రాత్రులను ఏరుకుని చూడండి. స్టార్‌కేడ్‌కు వచ్చాక ప్యాట్రిక్ చెయ్యి నేల మీద పడే మూడు సార్లూ మీరే లెక్కపెట్టి చూడండి.